నూరువరహాల కంచె

నాగమణి భయంతోనే పెరిగింది. పూండికి తూర్పున, సముద్రపు ఒడ్డున వాళ్ళ పల్లె. తండ్రి చేపల వేటకు వెళ్ళిన రోజల్లా తల్లి ఇసుకలో నిలబడి నీళ్ళవైపే చూస్తూ ఉండేది. ఆ చూపు చూసి చూసి పిల్లకీ అదే అబ్బింది. గాలి కాస్త అడ్డం తిరిగితే చాలు, నోట్లో పెట్టుకున్న ముద్ద కిందికి దిగేది కాదు. తండ్రి ఎప్పుడూ క్షేమంగానే వచ్చాడు, ముసలివాడై మంచం మీదే పోయాడు. అయినా ఆ బెదురు మాత్రం ఆమె ఒంట్లోనే ఉండిపోయింది.

పెళ్ళి చేసుకున్న పైడయ్యదీ సముద్రమే. కాకపోతే ఇక్కడి సముద్రం కాదు. ఉద్దానం తీరం మగవాళ్ళు చాలామంది లాగే అతనూ గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి బోట్ల మీద పనిచేస్తాడు. వానల్లో రైలెక్కితే మళ్ళీ ఎండలు ముదిరి, బోట్లు ఒడ్డున కట్టేశాకే ఇంటికి రావడం. కూతురు రాణి టెక్కలిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో మిగిలింది నాగమణి, అత్త జోగమ్మ.

ఒడ్డున ఉన్న ఇంటిని తిత్లీ తుఫాను తీసుకుపోయింది. ఆ తర్వాత జోగమ్మ మొండిపట్టు పట్టి, ఊరికి పడమర చివర, జీడితోట అంచున తన పుట్టింటివాళ్ళు ఇచ్చిన ఇసుక నేలలో రేకుల ఇల్లు వేయించింది.

"ఇక్కడికి ఏ కెరటమూ రాదే కోడలా. ఇక సుకంగా నిద్దరపో" అంది.

నాగమణి నిజంగానే నిద్రపోయింది. పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్చింతగా ఉన్న రోజులు ఆమెకు అవే.

నూరువరహాల మొక్క ఆమె చేతికొచ్చింది కూడా ఆ రోజుల్లోనే. జీడితోట జగదీశ్వరరావుగారిది. ఆయన ఇల్లు ఊరి మధ్యలో. నాగమణి ఎండుచేపలు అమ్ముకుంటూ ఆ వీధిలోకి వెళ్ళినప్పుడు వాళ్ళ గేటు పక్కన గుబురుగా, నిండా ఎర్రటి గుత్తులతో ఆ చెట్టు కనిపించేది. తుఫానుకి కొబ్బరిచెట్లే వేళ్ళతో లేచిపోయిన ఊళ్ళో అది మాత్రం ఆకులు రాలి, మళ్ళీ చిగిర్చి, ఏమీ ఎరగనట్టు పూసింది. చేపల గంప దించి దానివైపే చూస్తూ నిలబడితే జగదీశ్వరరావుగారి భార్య ఝాన్సీలక్ష్మి నవ్వి, "కావాలేటే? కొమ్మలు తీసుకెళ్ళు" అంది.

ఏ కొమ్మ తీసుకోవాలో నాగమణికి ఎవరూ చెప్పలేదు. మొదటిసారి లేత కొమ్మలు తెచ్చి గుచ్చింది, అన్నీ కుళ్ళిపోయాయి. రెండోసారి ముదురువి తెచ్చింది, అవి ఎండిపోయాయి. మూడోసారి మరీ లేతా మరీ ముదురూ కానివి, పెన్సిలంత లావువి ఎంచి, కింది ఆకులు దూసేసి, ఇసుకా పేడా కలిపిన డబ్బాల్లో గుచ్చి, చూరు నీడన పెట్టి, పొద్దునా సాయంత్రం చేత్తో నీళ్ళు చిలకరించింది. వానలు వెనకబట్టేసరికి చిగుళ్ళు వచ్చాయి. వాటిని ఇంటి స్థలానికి, జీడితోటకు మధ్య వరసగా నాటింది. అక్కడ కంచె లేదు. మొక్కలే కంచె అవుతాయని ఆమె ఆలోచన.

నేల ఉప్పునేల. నాటిన కొన్నాళ్ళకే ఆకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. నాగమణి పులిసిన మజ్జిగ నీళ్ళలో కలిపి మొదట్లో పోసింది. జీడితోటలో కుళ్ళిన ఆకుమట్టి గంపలతో తెచ్చి వేసింది. ఇసుకలో నీళ్ళు నిలవవు గనుక కాయ ఒలిచేసిన కొబ్బరి డొక్కలు తెచ్చి ప్రతి మొదలు చుట్టూ బోర్లించి పరిచింది. ఆ డొక్కలతోనే మొక్కలు తేరుకున్నాయి. ఆకు నల్లగా, మెరుస్తూ వచ్చింది. వాడిన గుత్తి వాడినట్టే తుంచేస్తే పక్కనుంచి రెండు కొమ్మలు లేచి రెండింటికీ పూలు రావడం ఆమె కనిపెట్టింది. పిండిపురుగు పడితే సబ్బునీళ్ళలో వేపనూనె కలిపి కొట్టింది. కొన్నేళ్ళకు అది ఆమె భుజం దాటిన దట్టమైన ఎర్రగోడ అయింది. తెల్లారుతూనే గుత్తులు కోసి, తడిగుడ్డ కప్పి, ఆటోలో పూండి తీసుకెళ్తే దండలు కట్టేవాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకునేవారు. కొందరు పలాస నుంచి వచ్చి అంటుకొమ్మలు అడిగి పట్టుకెళ్ళేవారు. చేపల గంప మూలన పడింది.

పైడయ్య ఫోన్లో నవ్వేవాడు. "మన ఇంట్లో చేపల వాసన పోయి పూల వాసనేటే?"

"వీటికి వాసన లేదు మావా. రంగే" అనేది నాగమణి.

ఆ ఏడు జీడిపళ్ళు విరగకాసిన రోజుల్లో, ఒక పొద్దున ఆమె గంప పట్టుకుని కంచె దగ్గరకు వెళ్ళేసరికి తోటవైపు చివర డొక్కలన్నీ చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. మూడు మొక్కల మొదట్లో పెద్ద పెద్ద గోతులు. వేళ్ళు బయటపడి ఉన్నాయి. పందులనుకుంది. తిట్టుకుంటూ మట్టి కప్పి, డొక్కలు మళ్ళీ సర్ది, అత్తను పిలిచి చూపించింది.

జోగమ్మ వంగి మట్టిని చూసింది. గోతి అంచున లోతుగా గీతలు, పక్కపక్కనే, చేతివేళ్ళు బారచాపి గీసినట్టు ఉన్నాయి. కాస్త అవతల పడి ఉన్న పెంటను పుల్లతో కదిపింది. దాన్నిండా జీడిపండు పీచు, నల్లచీమల తలలు. ముసలామె నిలబడి, చీర కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

"ఇది పంది కాదే."

"మరేటత్తా?"

జోగమ్మ పేరు చెప్పలేదు. ఆ పేరు పొద్దున్నే పలకకూడదని ఆమె నమ్మకం. తోటవైపు గడ్డం ఎత్తి, "నల్లది" అంది.

నాగమణికి అర్థమైంది. ఎలుగుబంటి. మందస కొండల నుంచి దిగి జీడితోటల్లో తిరుగుతాయని విన్నదే గానీ, తన మొక్కల మొదట్లో దాని గోళ్ళ గీతలు చూస్తానని అనుకోలేదు. ఒక డొక్కను కాలితో తిప్పింది. అడుగున తడిమట్టి గూడులా కట్టుకుపోయి ఉంది, దాన్నిండా చెదలు తెల్లగా పాకుతున్నాయి. వాటికోసమే వచ్చింది. అంటే మొక్కలు బతకాలని తాను పరిచిన డొక్కలే దానికి విస్తరి అయ్యాయి.

"ఊళ్ళో సెప్పేద్దామా?" అంది.

జోగమ్మకు ఊరు తెలుసు. "సెప్తే ఏటంతారో తెల్దా నీకు? కంచె కొట్టీమంతారు. రెండ్రోజులు సూద్దాం. పళ్ళు అయిపోతే అదే ఎల్లిపోతాది."

నాగమణికి ఆ మాట తప్పని తెలుసు. కానీ ఆ ఎర్రగోడ మొదలంటా నరికేసినట్టు ఒక్కసారి కళ్ళముందు కనిపించి, నోరు మూసుకుంది. ఆ రోజునుంచి ఆమెకు నిద్రలేదు. రేకుల మీద జీడాకు రాలినా లేచి కూర్చునేది. తెల్లవారి వెలుగు బాగా వచ్చాక గానీ తలుపు తీసేది కాదు. తీశాక కూడా గుమ్మంలో నిలబడి, కంచె ఈ చివర నుంచి ఆ చివర దాకా కళ్ళతో తడిమేది. పూలు కోస్తున్నంతసేపూ వీపు మీద ఎవరో చూస్తున్నట్టే ఉండేది. ఇదివరకు సముద్రం ఎక్కడుందో ఆమెకు తెలుసు, అది కళ్ళముందే ఉండేది. ఇప్పటి భయం ఆకుల వెనక ఎటుందో తెలియదు.

తర్వాత రెండోనాడు, పొద్దు ఇంకా పూర్తిగా పైకి రాకముందు, నీలవేణి కంచె పక్కనుంచి తోటలోకి వెళ్తూ కనిపించింది. ఆమె వాళ్ళ ఎదురింటి మనిషి. సీజన్లో జగదీశ్వరరావుగారి తోటలో రాలిన జీడిపిక్కలు ఏరడం ఆమె పని.

"ఏటి వదినా, ఇయాల ఇంకా కొయ్యడం మొదలెట్టనేదా?" అంది నీలవేణి నడుస్తూనే.

చెబుదామని నాగమణి నోరు తెరిచింది. మాట నాలుక చివరదాకా వచ్చింది. ఈలోగా రోడ్డు మీద పూండి ఆటో హారన్ వినిపించింది. "అవుతాది గానీ నువ్వు బేగి వచ్చీ" అని మాత్రం అనగలిగింది. నీలవేణి చెయ్యి ఊపి, చెట్ల మధ్యకు వెళ్ళిపోయింది.

గంపలో పూలు సగం కూడా నిండలేదు. తోటలోంచి అరుపు వచ్చింది. నాగమణి అలాంటి అరుపు అంతకుముందు వినలేదు. మనిషి గొంతేనని గుర్తుపట్టడానికి కూడా కొంచెంసేపు పట్టింది. దాని వెంట మరో శబ్దం, బరువైనది, గొంతులో రాళ్ళు దొర్లించినట్టు. ఆ తర్వాత కొమ్మలు విరిగిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

నాగమణి కదల్లేకపోయింది. పరిగెత్తాలని ఉంది, కానీ ఎటు పరిగెత్తాలో కాళ్ళకు తెలియలేదు. జోగమ్మే వీధిలోకి ఉరికి గుండెలు బాదుకుంటూ జనాన్ని పిలిచింది. కర్రలూ రేకు డబ్బాలూ పట్టుకుని మగవాళ్ళు లోపలికి వెళ్ళి నీలవేణిని దుప్పట్లో మోసుకొచ్చారు. కంచె పక్కనుంచే తీసుకెళ్ళారు. ముఖం మీద తువ్వాలు కప్పి ఉంది. ఆ తువ్వాలు ఏ రంగుదో చెప్పడానికి లేకుండా తడిసిపోయింది.

ప్రాణం పోలేదు. పలాస తీసుకెళ్ళి, అక్కడినుంచి విశాఖపట్నం పంపారు. ఎడమకన్ను దక్కలేదని మర్నాడు కబురొచ్చింది.

ఆ సాయంత్రమే జనం కంచె ముందు చేరారు. అటవీశాఖ గార్డు శ్యాంసుందర్ మోటారుసైకిల్ మీద వచ్చి, తోట అంచంతా తిరిగి చూశాడు. కంచె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఒక డొక్క తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. నాగమణి గుమ్మంలో నిలబడి అతని చేతులవైపే చూస్తోంది. తిప్పిన ప్రతి డొక్కా తన మీద సాక్ష్యం చెబుతున్నట్టుంది.

"చెదలమ్మా. వీటికి అలవాటు పడింది" అన్నాడు గార్డు. "పొదేమో మనిషెత్తుంది. ఇటున్నోళ్ళకి అది కనపడదు, దానికి ఇటున్నోళ్ళు కనపడరు. దగ్గరికొచ్చేదాకా తెలీకపోతే అది భయపడి మీద పడతాది. పిల్లల తల్లిలా ఉంది, చిన్న అడుగులు కూడా ఉన్నాయి. బోను తెప్పిస్తాను, అది వచ్చేదాకా ఒంటరిగా ఎవరూ తిరక్కండి. ఎదురుపడితే పరిగెత్తొద్దు, గట్టిగా అరవొద్దు. మెల్లగా వెనక్కి జరగండి."

జగదీశ్వరరావు తల పంకించి నాగమణివైపు తిరిగాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"సూడమ్మా నాగమణీ. నీ కష్టం నాకు తెలుసు. ఆ కొమ్మలు మా ఇంటివే. కానీ రేపు ఇంకొకళ్ళకి ఇలాగైతే ఏం జవాబు చెప్తాం? తీసెయ్యాలి."

"మొదలంటా కొట్టక్కర్లేదండి" అన్నాడు శ్యాంసుందర్. "డొక్కలన్నీ తీసి తగలబెట్టి, మోకాలెత్తుకి కత్తిరిస్తే చాలు. అవతలిదాకా చూపు ఆనాలి, అంతే."

నాగమణి ఇద్దరికీ చేతులు జోడించింది. "నానే సేత్తాను బాబూ. రేపటి నుంచే సేత్తాను."

అందరూ వెళ్ళిపోయారు. నువ్వు ముందే చూశావా అని ఒక్కరూ అడగలేదు. అడిగితే బాగుండునని, అడగనందుకు బతికిపోయానని, రెండూ ఒకేసారి అనిపించి, ఆమె గోడకు చేరగిలబడింది. వేసవి సెలవులకు వస్తానన్న రాణికి ఫోన్ చేసి, "ఇప్పుడు రాకు తల్లీ, పెద్దమ్మ ఇంటికెల్లు" అంది. ఎందుకో మాత్రం చెప్పలేదు.

మర్నాటి నుంచి పని మొదలైంది. నాగమణి కంచె ముందు వంగి డొక్కలు ఏరి గంపకెత్తుతుంటే, జోగమ్మ ఆమె వెనక నిలబడి గరిటెతో స్టీలు పళ్ళెం మోగిస్తూ ఉండేది. పోగుపెట్టిన డొక్కలకు నిప్పు పెడితే చెదలు చిటపటలాడుతూ కాలేవి. తర్వాత కత్తెర, ముదురు కొమ్మలకు కత్తి. పూసిన గుత్తులు, విచ్చబోతున్న మొగ్గలు, ఎరుపెక్కిన చిగుళ్ళు, అన్నీ కాళ్ళకింద పడ్డాయి. కోతపడిన చోటల్లా మోడులు తెల్లగా కనిపించాయి. ఆమెకు ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా మనసు ఒకచోట నిలవాలి కదా. ఆమె మనసంతా చెవుల్లోనే ఉంది. పళ్ళెం చప్పుడు ఆగిన ప్రతిసారీ చెయ్యి దానంతటదే ఆగిపోయేది.

"అత్తా, వాయించు."

"వాయిత్తన్నాను కదే. సెయ్యి నొప్పెడతాంది, మార్సుకోనీ."

అలా వరస దాదాపు పూర్తయింది. తోటవైపు చివర, ఇంటి బావి గట్టుకు ఆనుకుని ఉన్న నాలుగైదు మొక్కలు మిగిలాయి. మొదట గోతులు పడ్డది అక్కడే. అందుకే ఆమె దాన్ని ఆఖరికి వదిలింది. పొద్దు వాలుతోంది. జీడిచెట్ల నీడలు సాగి కంచె దాకా వచ్చాయి. ఇంట్లో ఫోన్ మోగింది.

"పైడిగాడే అయ్యుంటాడు. ఎత్తి వత్తాను, నువ్వు కదలకు" అంటూ జోగమ్మ పళ్ళెం పట్టుకునే లోపలికి వెళ్ళింది.

నాగమణి బావి గట్టుకు వీపు ఆనించి కూర్చుంది. వెనక గట్టు ఉంటే కొంత ధైర్యం. ముందు గుబురుగా పొద. చేతిలో కత్తెర. ఫోన్లో అత్త మాట్లాడుతున్న మాటలు వినిపిస్తున్నాయి. అప్పుడు పొదకు అవతల ఊదినట్టు ఒక శబ్దం వచ్చింది. వెంటనే పీల్చినట్టు ఇంకో శబ్దం. మోటారు వేసినా నీళ్ళు అందనప్పుడు పైపు గాలి పీల్చినట్టు, గరగరమంటూ, ఆగకుండా.

ఆమె ఊపిరి బిగబట్టింది. ఆకుల సందుల్లోంచి నలుపు కనిపించింది. మొదట నీడ అనుకుంది. నీడ కదిలింది. దుమ్ము పట్టిన పొడవాటి జుట్టు, దాని మీద మరో చిన్న నలుపు, వీపునంటి పట్టుకుని. తల్లి మూతిని డొక్కల అడుగున దూర్చి, ఊది, పీలుస్తోంది. ఇద్దరి మధ్యా ఉన్నది ఆ నాలుగు మొక్కల మందమే. వాసన కొట్టింది. తడిసిన గోనెసంచీ కుళ్ళిన వాసన, జీడిపండు పులుపు.

గార్డు చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. మెల్లగా వెనక్కి జరగాలి. వెనక బావి గట్టు. ధైర్యం అనుకుని ఆనుకున్నదే అడ్డమైంది. పక్కకు జరగబోతే కత్తెర రెక్కలు ఒకదానికొకటి తగిలి టిక్కుమన్నాయి. పీల్చడం ఆగింది.

ఆ నిశ్శబ్దంలో ఇంటి తలుపు చప్పుడైంది. "మణీ, ఆడు నీతో మాట్లాడతాడంట, ఇదిగో" అంటూ జోగమ్మ ఫోన్ పట్టుకుని గబగబా వస్తోంది. కత్తిరించిన వైపునుంచి, ఏ అడ్డూ లేని చోటునుంచి, నేరుగా. పళ్ళెం లోపలే మరిచిపోయింది. పొద అవతల నల్లటి తల అటు తిరిగింది. వీపు మీది పిల్ల కీచుమంది.

నాగమణి తర్వాత ఎప్పుడు తలుచుకున్నా, ఆ క్షణంలో తాను ఏమీ ఆలోచించలేదనే చెప్పేది. నీలవేణికి చెప్పలేకపోయిన నోరు ఇప్పుడు దానంతటదే తెరుచుకుంది.

"అత్తా, రాకు! నోపలికెల్లి తలుపేసీ!"

జోగమ్మ ఉన్నచోటే నిలిచిపోయింది. ఎలుగు ఇటు తిరిగింది. ఒక్క ఊపున పొద మీదికి వచ్చింది. కొమ్మలు ఫెళఫెళ విరిగాయి. గోళ్ళు ఆకుల్లోంచి ఇవతలికి వచ్చి, ఆమె చీర కుచ్చిళ్ళ ముందు మట్టిని దున్నాయి. ముదురు కొమ్మలు వంగాయి గానీ పూర్తిగా విడిపోలేదు. దాని నోటి ఆవిరి ఆమె ముఖానికి తగిలింది. నాగమణి కళ్ళు మూసుకోలేదు. మూసుకోవడం చేతకాలేదు. తెల్లటి మూతి, చిన్న కళ్ళు, వాటిలో కోపం కంటే బెదురే ఎక్కువ ఉన్నట్టు ఆమెకు కనిపించింది.

పిల్ల వీపు మీదినుంచి జారి కిందపడి మళ్ళీ కీచుమంది. తల్లి వెనక్కి గుంజుకుంది. పిల్లను మూతితో ఒకసారి తోసింది. అది పాకి ఎక్కింది. రెండూ జీడిచెట్ల కిందికి, నీడలోకి, తొందరేమీ లేనట్టు నడిచి వెళ్ళిపోయాయి.

జోగమ్మ వచ్చి లేవదీసేదాకా నాగమణి అక్కడే ఉంది. కాలి పిక్క మీద ఒక గీత, పైపైనే, నెత్తురు చెమర్చింది. కింద పడిపోయిన ఫోన్లోంచి పైడయ్య "ఏటైంది, ఏటైందే, ఎవులైనా మాట్లాడండే" అని అరుస్తూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున నాగమణి సూదిమందు వేయించుకుని వచ్చి, నలుగురు మగవాళ్ళను నిలబెట్టుకుని, మిగిలిన మొక్కలు కూడా మోకాలెత్తుకు కొట్టేసింది. తనను కాపాడింది ఆ కొమ్మలేనని జోగమ్మ అడ్డం పడింది.

"అవి లేకపోతే అది అంత దగ్గరకు వచ్చేదే కాదత్తా" అంది నాగమణి.

బోను తెచ్చి పెట్టారు. అందులో ఏదీ పడలేదు. జీడిపళ్ళు అయిపోయాక ఎలుగు మందసవైపు కనిపించిందని ఒకరు, సోంపేట దగ్గర తోటల్లో చూశామని ఇంకొకరు చెప్పారు. అదేనో, వేరేదో ఎవరికీ తెలియదు.

నీలవేణి ఇంటికి వచ్చింది. వచ్చిందన్న మాట విన్నప్పటినుంచీ నాగమణికి ఎలుగు కంటే ఆ ఎదురిల్లే ఎక్కువ భయమైంది. వీధిలోకి వెళ్తే తల దించుకుని నడిచేది. చివరకు ఒక మధ్యాహ్నం సంచిలో నాలుగు కొబ్బరిబొండాలు పెట్టుకుని వెళ్ళింది. నీలవేణి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం సగం కొంగుతో కప్పుకుంది. కనిపించే కన్ను తడిగా ఉంది.

నాగమణి కుశలం అడగలేదు. నేల మీద కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పేసింది. గోతులు చూశానని, అత్త చెప్పిందని, ఆ పొద్దున నోటిదాకా వచ్చిందని, కంచె పోతాదని ఊరుకున్నానని.

బయట కోడి ఒకటి తవ్వుకుంటోంది.

"నువ్వు సెప్పుంటే నానెల్లకపోదునా?" అంది చివరకు. "ఎల్లుదును. పిక్కలేరకపోతే కుండ ఎలగ కాలతాది? ఎల్లుదును గానీ... ఒక కర్రైనా పట్టుకెల్లుదును."

"తప్పయిపోనాది వదినా."

"అయిపోనాది" అంది నీలవేణి. క్షమించిందో లేదో ఆ గొంతులో తెలియలేదు. కాసేపటికి మళ్ళీ, "ఆ ఎర్రపూల గంప నా గుమ్మం ముందునుంచి తీసుకెల్లకు. నాకు అదే కనపడతాంది, కన్ను మూసినా" అంది.

నాగమణి సరేనంది. ఆ రోజునుంచి పూండి ఆటో ఎక్కడానికి ఆమె సముద్రంవైపు తిరిగి, చుట్టుదారిన వెళ్తోంది. గంప మీద తడిగుడ్డ ఇంకా కిందికి లాగి కప్పుతుంది. పండగలకీ పబ్బాలకీ నీలవేణి ఇంటికి ఒక గిన్నె కూర వెళ్తుంది. గిన్నె కడిగి తిరిగి వస్తుంది. మాటలు మాత్రం మునుపటిలా లేవు.

పైడయ్య ఎండల చివర దిగాడు. కంచెను చూసి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. మోడుల నిండా అప్పటికే చిగుళ్ళు ఎర్రగా పుట్టుకొచ్చాయి.

"ఇంక ఇయన్నీ పీకీసి, నువ్వూ అమ్మా నాతో వేరావల్ వచ్చీయండి" అన్నాడు ఆ రాత్రి అన్నం దగ్గర. "నానక్కడ, మీరిక్కడ. ఫోన్లో ఆ కేక ఇన్నాక నాకు బోటు మీద కాళ్ళు నిలవనేదు."

"అక్కడ నువ్వు సముద్రం మీదుంటే నాను ఒడ్డున నిలబడి సూడాలా? మా అమ్మలాగ?" అంది నాగమణి. "నా వల్ల కాదు మావా. ఇక్కడి భయం ఎక్కడినుంచి వత్తాదో ఇప్పుడు కొంచెం తెలిసింది."

తొలకరి పడ్డాక ఆమె కొత్త మొక్కలు నాటడం మొదలుపెట్టింది. ఈసారి తోట అంచున కాదు, ఇంటికి తూర్పువైపు, నాలుగు దిక్కులా చూపు ఆనే బయలు ఇసుకలో. అక్కడ గాలికి ఆకుల అంచులు మాడతాయని తెలుసు. సగం చస్తాయని కూడా తెలుసు. డొక్కలు వేయకుండా, కుళ్ళిన ఆకుమట్టే లోతుగా నింపి, దూరం దూరంగా గోతులు తీసింది. ఒక్కో మొక్క పెట్టి, మట్టి అదిమి, లేచి నిలబడి చుట్టూ ఒకసారి చూసి, మళ్ళీ వంగేది.

పైడయ్య కొంతసేపు అది గమనించి, "ఏటలా సూత్తావు మాటిమాటికీ? ఏటీ లేదక్కడ" అన్నాడు.

ఆమె జీడితోటవైపు మరోసారి చూసి, మళ్ళీ మట్టి అదిమింది. పైడయ్య ఇంకేమీ అనకుండా వచ్చి, ఆమెకు వీపు పెట్టి, జీడితోటవైపు ముఖం తిప్పి, ఇసుకలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బీడీ వెలిగించుకోలేదు, ఫోన్ తీయలేదు, చెట్లవైపే చూస్తూ ఉన్నాడు. నాగమణి తర్వాతి గోతి తవ్వడం మొదలుపెట్టింది.